పిల్లల డాక్టరుతో ఫోన్ అపాయింట్‌మెంట్: ముందు రోజు నుంచి మందు వేసేదాకా

మా బాబుకి మూడున్నరేళ్ళప్పుడు ఆస్తమా అని తేలింది. మేముండేది నర్సీపట్నంలో, చూపించేది విశాఖపట్నంలో. ఒక్క రివ్యూకి వెళ్ళాలంటే తెల్లవారకముందే లేచి బస్సెక్కాలి. ఓపీ చీటీ రాయించుకుని, టోకెన్ పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. లోపల పది నిమిషాలు, మళ్ళీ బస్సు. దారిలో దుమ్ముకి పిల్లాడికి దగ్గు ఇంకాస్త పెరిగేది. మూడో రివ్యూలో డాక్టరు గారే "బాగుంటే ప్రతిసారీ తీసుకురానక్కర్లేదమ్మా, మధ్యలో ఒకసారి ఫోన్లో మాట్లాడదాం" అన్నారు. అలా మొదలై నాలుగేళ్ళయింది.

మొదటి ఫోన్ అపాయింట్‌మెంట్ మాత్రం ఎందుకూ పనికిరాలేదు. "ఎలా ఉన్నాడు?" అని అడిగితే "పర్వాలేదండీ, అప్పుడప్పుడూ దగ్గుతున్నాడు" అన్నాను. అప్పుడప్పుడూ అంటే వారంలో ఎన్ని రాత్రులు? ఆయాసానికి ఇచ్చిన పఫ్ (ఇన్‌హేలర్) ఎన్నిసార్లు వాడారు? బరువెంత? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "ఎదురుగా ఉంటే నేనే చూసుకుంటాను. ఫోన్లో నా కళ్ళూ చేతులూ మీరే" అని, వచ్చే వారం బాబుని తీసుకురమ్మన్నారు. ఆ రోజు నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా: ఫోన్ చేస్తూ కూర్చోకూడని పరిస్థితులు

అపాయింట్‌మెంట్ సాయంత్రం ఐదింటికి ఉంది కదా, అప్పటిదాకా చూద్దాం అనుకోకూడనివి కొన్ని ఉన్నాయి. వీటికి నేరుగా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళాలి, లేదా 108కి చేయాలి.

- మూడు నెలల లోపు పసిబిడ్డకి 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం. బిడ్డ హుషారుగా కనిపించినా సరే.
- డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, ఆయాసంతో మాట్లాడలేకపోవడం, పాలు తాగలేకపోవడం.
- ఫిట్స్ రావడం, లేపినా సరిగా లేవకపోవడం, మత్తుగా పడి ఉండటం.
- తాగిందల్లా వాంతి అయిపోవడం, కళ్ళు లోతుకి పోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం.
- ఆకుపచ్చ రంగు వాంతి, విరేచనంలో రక్తం.
- ఒంటి మీద వేలితో నొక్కినా రంగు పోని ఎర్రటి, ఊదారంగు మచ్చలు.
- తలకి దెబ్బ తగిలాక వాంతులు, మగత.
- బటన్ బ్యాటరీ, కిరోసిన్, పురుగుల మందు, పెద్దవాళ్ళ మాత్రలు మింగడం. కిరోసిన్ తాగిన పిల్లల చేత వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బానో సీసానో చేత్తో పట్టుకుని బయల్దేరండి.
- కుక్క కాటు. సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి.

108 సర్వీసు మన దగ్గరే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పటికీ చాలామంది "ముందు డాక్టరు గారిని అడిగి, తర్వాత 108కి చేద్దాం" అనుకుంటారు. పైన రాసిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు 108, దారిలో డాక్టరు గారు.

దేనికి ఫోన్ సరిపోతుంది

ఇదివరకే చూపించిన జబ్బుకి రివ్యూ, రక్తపరీక్ష రిపోర్టు మాట్లాడుకోవడం, మందు మోతాదులో సందేహం, టీకా తర్వాత వచ్చిన జ్వరం, మలబద్ధకం, తిండి సరిగా తినకపోవడం, డాక్టరు గారికి ముందే తెలిసిన చర్మం దురద లాంటివి ఫోన్లో చక్కగా అయిపోతాయి. కొత్తగా వచ్చిన దద్దురుకి వీడియో కావాలి. చెవి నొప్పికీ కడుపు నొప్పికీ వెళ్ళడమే మంచిది. చెవిలోకి లైటు వేసి చూడటం, పొట్ట నొక్కి చూడటం ఏ ఫోనూ చేయలేదు.

మొదటిసారి చూపించడం కూడా వీలైనంతవరకు నేరుగానే పెట్టుకోండి. బిడ్డ గుండె చప్పుడు ఒక్కసారైనా విన్న డాక్టరు ఫోన్లో ఇచ్చే సలహా వేరుగా ఉంటుంది.

నియమాలు కొంచెం తెలిసుంటే మంచిది

మన దేశంలో టెలిమెడిసిన్‌కి మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. వాటిలో తల్లిదండ్రులకి పనికొచ్చేవి నాలుగైదు ఉన్నాయి. 16 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకి ఫోన్లో చూడాలంటే పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, వాళ్ళెవరో డాక్టరు తెలుసుకోవాలి. అందుకే "మీరు బాబుకి ఏమవుతారు?" అని అడుగుతారు, అది అనుమానంతో అడిగేది కాదు. అదే డాక్టరుకి, అదే జబ్బుకి, ఆరు నెలల లోపు నేరుగా చూపించి ఉంటేనే దాన్ని ఫాలో-అప్‌గా లెక్కేస్తారు. ఆ గడువు దాటితే మళ్ళీ కొత్త కేసే. పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివి మాట మీదే చెప్పొచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాలి. మత్తు కలిగించే రకం మందులకి ఇంకా గట్టి నిబంధనలున్నాయి. కాబట్టి "ఇది ఫోన్లో రాయలేనమ్మా" అంటే బతిమాలకండి. చూడకుండా చెప్పలేననే హక్కు డాక్టరుకి ఉంది, అలా చెప్పే డాక్టరు మీద నాకైతే నమ్మకం పెరిగింది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, పిల్లలకి ఒంట్లో బాగోకపోతే హైదరాబాద్‌లోని పాత డాక్టరుకి ఫోన్ చేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ మార్గదర్శకాలు దేశం బయట ఉన్న రోగులకి వర్తించవు, ఆ చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. ధైర్యం కోసం మాట్లాడుకోండి, వైద్యం మాత్రం ఉన్నచోటే చేయించండి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

నంబరు ఇంటర్నెట్‌లో వెతికి తీసుకోవద్దు. ఆసుపత్రుల పేరుతో దొంగ నంబర్లు తిరుగుతున్నాయి. ఓపీ చీటీ మీద, పాత ప్రిస్క్రిప్షన్ మీద ఉన్న నంబరుకే చేయండి. లింకు నొక్కమన్నా, బ్యాంకు ఓటీపీ చెప్పమన్నా పెట్టేయండి.

రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళని ఈ ప్రశ్నలు అడిగి రాసుకోండి: మామూలు కాలా, వీడియోనా? ఏ నంబరు నుంచి వస్తుంది? చెప్పిన టైముకి అటూ ఇటూ ఎంత ఆలస్యం కావచ్చు? ఫీజు ఎంత, ఎప్పుడు కట్టాలి? చీటీ వాట్సాప్‌లో పంపిస్తారా? చివరగా మీ రెండో నంబరు కూడా ఇవ్వండి. తెలియని నంబరు అని కాల్ ఎత్తకుండా అపాయింట్‌మెంట్ పోగొట్టుకున్నవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

డబ్బు కట్టే పని లేకుండా కావాలంటే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఉంది. మొబైల్ నంబరుకి వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్ళి, బిడ్డ వివరాలు నింపి, టోకెన్ తీసుకుని వరుసలో ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా, నెట్ సరిగా రాకపోయినా ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బందే పెద్ద డాక్టరుతో కలిపి మాట్లాడిస్తారు. నన్నడిగితే చిన్నపిల్లలకి ఈ రెండో పద్ధతే మెరుగు. పక్కన ఉన్న నర్సు జ్వరం చూస్తుంది, బరువు తూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది.

ముందు రోజు: ఒక్క పేజీ

అసలు పని ఇక్కడే ఉంది. ఒక చిన్న నోట్‌బుక్ పిల్లాడి పేరు మీద పెట్టండి. నా పుస్తకంలో పోయినసారి పేజీ ఇలా ఉంది:

"7 ఏళ్ళ 5 నెలలు. బరువు 22 కిలోలు, నిన్న తూచాం. రెండు వారాల్లో రాత్రి దగ్గుతో లేచింది 3 సార్లు, మూడూ తెల్లవారుజామునే. ఆయాసం పఫ్ వాడింది 4 సార్లు. బడి మానింది 1 రోజు. ఆటల పీరియడ్‌లో మధ్యలో కూర్చుండిపోతున్నాడని టీచర్ చెప్పారు. పొద్దున పఫ్ రెండు రోజులు మర్చిపోయాం. ఇంట్లో సున్నం వేయించాం, పోయిన ఆదివారం."

ఇది చదవడానికి నిమిషం పట్టదు. ఈ ఒక్క నిమిషంతోనే డాక్టరు గారికి సగం విషయం అర్థమైపోయింది. "పొద్దున మర్చిపోయాం" అన్నది రాయడానికి మొదట్లో సిగ్గుగా అనిపించేది. దాన్ని దాస్తే మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచుతారు, నష్టం బాబుకే.

బరువు ఎప్పుడూ పాతది చెప్పకండి. పిల్లల మందులు చాలావరకు బరువు మీదే లెక్కేస్తారు. ఇంట్లో తూకం మెషిన్ ఉంటే మీరు ఒక్కరే ఎక్కి చూసుకోండి, తర్వాత బిడ్డని ఎత్తుకుని ఎక్కండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. పసిబిడ్డయితే అంగన్‌వాడీలో తూయించడమే సరైనది.

జ్వరం విషయంలో "ఒళ్ళు కాలిపోతోంది" అనే మాట ఫోన్లో పనిచేయదు. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ వచ్చాక అంకె, టైము రాయండి. దానికి ముందు జ్వరం మందు ఎప్పుడు వేశారో కూడా రాయండి. విరేచనాలైతే ఎన్నిసార్లు, నీళ్ళలాగా ఉందా, జిగటగా ఉందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు అన్నవి కావాలి.

ఫొటోలు, వీడియోలు కాల్‌కి ముందే పంపండి. దద్దురు ఫొటో ట్యూబ్‌లైట్ కింద వద్దు. పగలు కిటికీ పక్కన తీయండి, పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. ఆయాసమైతే చొక్కా పైకెత్తి, ఛాతీ పొట్ట రెండూ కనపడేలా అరనిమిషం వీడియో. ఇదివరకు ఎప్పుడో ఫిట్స్ లాంటిది వచ్చినప్పుడు తీసిన వీడియో ఉంటే అది మాటల్లో చెప్పే దానికన్నా ఎన్నో రెట్లు మేలు. దుస్తుల్లేని ఫొటోలు డాక్టరు అడిగితేనే పంపండి. పని అయ్యాక చాట్‌లోంచీ, గ్యాలరీలోంచీ తీసేయండి, ఫ్యామిలీ గ్రూపులో అస్సలు పెట్టకండి.

టీకాల కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందు సీసాలన్నీ ఒక పళ్ళెంలో పెట్టి ఉంచండి. సీసాలు ఎందుకో కింద చెప్తాను.

కాల్ వచ్చాక

బాబుని స్కూలుకి పంపేసి మాట్లాడటం ఒకసారి నేను చేసిన పొరపాటు. "ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చమనండి, వింటాను" అన్నారు డాక్టరు గారు. వాడు బళ్ళో ఉన్నాడు. బిడ్డ మీ పక్కనే ఉండాలి. పగలంతా చూసుకునేది నానమ్మో అమ్మమ్మో అయితే వాళ్ళూ పక్కన ఉండాలి. మధ్యాహ్నం ఏం తిన్నాడు, ఎన్నిసార్లు వెళ్ళాడు అన్నది వాళ్ళకే తెలుస్తుంది. టీవీ, మిక్సీ, ఫ్యాన్ ఆపేసి స్పీకర్ ఆన్ చేయండి. ఫోన్ ఛార్జింగ్, సిగ్నల్ ముందే చూసుకోండి.

మొదటి వాక్యంలో పేరు, వయసు, బరువు, ఎందుకు చేశారో చెప్పేయండి. మిమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది ముందు చెప్పండి. చాలామంది అసలు విషయం చివర్లో, "అన్నట్టు డాక్టరు గారూ" అని ఎత్తుకుంటారు, అప్పటికి టైము అయిపోతుంది. మెడికల్ షాపులో అడిగి వేసిన యాంటీబయాటిక్, ఊళ్ళో ఆర్ఎంపీ చేసిన ఇంజెక్షన్, పోసిన పసరు, ఏదీ దాచకండి. తిడతారేమోనన్న టెన్షన్ కన్నా, తెలియక దాని మీద ఇంకో మందు పడటం ప్రమాదం.

ఏడెనిమిదేళ్ళు వచ్చిన పిల్లలైతే ఫోన్ వాళ్ళకే ఇచ్చి చూడండి. మా వాడు నాతో ఎప్పుడూ చెప్పని సంగతి, పరిగెత్తితే ఛాతీ బిగుసుకుంటోందని, డాక్టరు గారికి ఫోన్లో చెప్పాడు.

డాక్టరు మీ చేత కొన్ని పరీక్షలు చేయించవచ్చు. వాటిలో ముఖ్యమైనది ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వద్దు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది. చొక్కా పైకెత్తి, రెండో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి అని లెక్కేయండి. పూర్తిగా 60 సెకన్లు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకండి, పసిపిల్లల ఊపిరి ఒకేలా నడవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, అంత వచ్చినా, అంతకు మించినా అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. దగ్గు జలుబుతో పాటు ఇది ఉంటే నిమ్ము (న్యుమోనియా) అని అనుమానిస్తారు, అదే రోజు చూపించాలి. కడుపు నొప్పి అంటే పిల్లాణ్ణి ఒకసారి గెంతమనవచ్చు. నొప్పితో గెంతలేకపోతే వెంటనే రమ్మంటారు.

మందు చెప్పేటప్పుడు: సీసా మీద అంకె

ఈ భాగం నిదానంగా చదవండి. మా చెల్లెలి పాప 10 కిలోలున్నప్పుడు జ్వరమొస్తే ఫోన్లో "పారాసెటమాల్ మూడు ఎంఎల్ వేయండి" అన్నారు. మెడికల్ షాపులో చిన్నపిల్లకి కదా అని చుక్కల మందు సీసా ఇచ్చారు. చెల్లెలు సీసా ఫొటో నాకు పంపి "మూడు ఎంఎల్ ఇంతేనా?" అని అడగబట్టి సరిపోయింది.

పారాసెటమాల్ మన షాపుల్లో కనీసం మూడు గాఢతల్లో దొరుకుతుంది. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములున్న సిరప్ ఒకటి, 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములున్నది ఇంకొకటి, 1 ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములున్న డ్రాప్స్ మూడోది. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల బిడ్డకి ఒక డోసు 150 మిల్లీగ్రాములు. 250 సిరప్‌లో అది 3 ఎంఎల్. 120 సిరప్‌లో 6 ఎంఎల్ పైచిలుకు. డ్రాప్స్‌లో ఒకటిన్నర ఎంఎల్ మాత్రమే. డాక్టరు గారు చెప్పింది 250 సిరప్‌కి. ఆ డ్రాప్స్ మూడు ఎంఎల్ వేసి ఉంటే పాపకి రెండింతల మందు పడేది. పేరు ఒకటే, బొమ్మ కూడా దాదాపు ఒకటే.

కాబట్టి ఫోన్లో "ఎన్ని ఎంఎల్?" అన్నదాంతో ఆపకండి. పళ్ళెంలో ఉన్న సీసా తీసి లేబుల్ మీద ఉన్నది చదివి వినిపించండి: "నా దగ్గర ఉన్నది ఐదు ఎంఎల్‌లో ఇంత అని ఉందండీ, దీంట్లో ఎంత వేయాలి?" జవాబు రాసుకుని, రాసింది తిరిగి చదవండి: ఎంత, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని గంటల తేడాతో, ఎన్ని రోజులు. వంటింటి చెంచా వద్దు. మందుతో వచ్చే కొలత మూత, లేదా సూది లేని సిరంజి వాడండి.

దగ్గు మందు రాయమని పట్టుబట్టకండి. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయకూడదనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకి సాధారణంగా సిఫారసు చేయరనీ 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి సూచన వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక వచ్చిన సూచన అది. ఓఆర్ఎస్ అని చెబితే పొడి ప్యాకెట్ అని అర్థం, రంగు డబ్బాలో వచ్చే తీపి పానీయం కాదు. ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ పేరు తీయించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ప్యాకెట్ మీద లీటరు నీళ్ళకి అని ఉంటే లీటరుకే కలపాలి, గ్లాసులో సగం పొడి వేయకూడదు.

పెట్టేసే ముందు, పెట్టేశాక

"ఎప్పటికి తగ్గాలి? తగ్గకపోతే ఎన్నో రోజున చేయాలి? ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి? రాత్రి అవసరమైతే ఎవరికి చేయాలి?" ఈ నాలుగూ అడగకుండా ఫోన్ పెట్టకండి. మధ్యలో కాల్ కట్ అయితే రిసెప్షన్‌కి చేసి చెప్పండి.

చీటీ రాగానే బిడ్డ పేరు, వయసు, బరువు, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. మీరు రాసుకున్న దానికీ చీటీకీ తేడా ఉంటే మందు వేయకముందే అడగండి. ఇద్దరు పిల్లలున్న ఇళ్ళలో చీటీలు తారుమారు అవుతుంటాయి, వేరు వేరు ఫోల్డర్లు పెట్టుకోండి.

రివ్యూలన్నీ ఫోన్లోనే లాగించకండి. మేము ఒకసారి ఫోన్, తర్వాతిసారి నేరుగా వెళ్తాం. స్పేసర్‌తో, అంటే పఫ్‌కి తగిలించే గొట్టంతో, మందు సరిగా పీల్చుతున్నాడా అన్నది ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి అలాగే మాస్కు పక్కల నుంచి మందంతా బయటికి పోతోందని బయటపడింది. ఫోన్లో నెలల తరబడి "వాడుతున్నామండీ" అంటూనే ఉన్నాను.

ఫోన్లో "పొద్దుటిదాకా చూడండి" అన్నా, రాత్రి పరిస్థితి మారితే ఆ మాట చెల్లదు. బాబుకి నాలుగున్నరేళ్ళప్పుడు సాయంత్రం కాల్‌లో అంతా బాగానే ఉంది, నాలుగు గంటలకోసారి పఫ్ ఇవ్వమన్నారు. అర్ధరాత్రి దాటాక పక్కలో కదలికకి మెలకువ వచ్చి చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు. మా ఆయన 108కి ఫోన్ చేస్తుంటే నేను ఊపిరి లెక్కపెట్టాను. ఏరియా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, నెబ్యులైజర్ పెట్టారు, తెల్లారేసరికి నిద్రపోయాడు. తొమ్మిదింటికి డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఎంత లెక్కొచ్చింది?" అని. నోట్‌బుక్ తీసి చదివాను: 1:50కి 46, 2:10కి 52.